మూడేళ్లు ఆగి అదే ధరకు కొన్న ఆట

మా అక్క పిల్లలకు మారియో కార్ట్ అనే కార్టు రేసుల వీడియో గేమ్ కొనిపెడతానని 2018లో నేను మాటిచ్చాను. దాన్ని ఆడే నింటెండో వాళ్ల కన్సోల్, స్విచ్, అప్పటికే వాళ్లింట్లో ఉంది. ఆట ధర 60 డాలర్లు. అది వచ్చి ఏడాది దాటింది. పైగా పూర్తిగా కొత్త ఆట కూడా కాదు, 2014లో నింటెండో పాత కన్సోల్ వీ యూ మీద వచ్చిన మారియో కార్ట్ 8కే మెరుగులు దిద్ది, వెనకాల డీలక్స్ అని తగిలించి, 2017లో మళ్లీ వదిలారు. ఇంకో నాలుగైదు నెలలు ఓపిక పడితే సగానికి దిగుతుందని లెక్కేశాను. అప్పటిదాకా నేను కొన్న ప్రతి ఆటా అలాగే దిగింది మరి. "కొంచెం తగ్గనివ్వండ్రా, కొందాం" అని పిల్లల్ని ఊరుకోబెట్టాను.

తగ్గలేదు. ఒకటి రెండుసార్లు సేల్‌లో దిగినట్టే దిగి, నేను మీనమేషాలు లెక్కపెడుతుండగానే మళ్లీ 60కి ఎక్కి కూర్చుంది. 2019 పోయింది, 2020 పోయింది. ఫోన్ చేసినప్పుడల్లా చిన్నది "మామయ్యా, తగ్గిందా?" అనేది. పోను పోను అదే మా ఇద్దరి పలకరింపు అయిపోయింది. చివరికి 2021లో ఓ సాయంత్రం విసుగొచ్చి కొనేశాను. 60 డాలర్లకే. అప్పటికి పెద్దవాడికి కార్టు రేసుల మోజు తీరిపోయింది, ఫోన్‌లో ఇంకేదో ఆడుకుంటున్నాడు. ధర సగమవుతుందని ఆగాను. ఆడేవాళ్లు సగమయ్యారు.

సరిగ్గా అదే రోజుల్లో ఇంకోటి జరిగింది. మోజు ఆపుకోలేక ఓ పెద్ద సంస్థ ఆటను విడుదల రోజునే పూర్తి ధర పెట్టి కొన్నాను. పేరెందుకు లెండి. ఆరేడు గంటలు ఆడానో లేదో, మూడు వారాలు తిరక్కుండానే సగం ధరకు పెట్టేశారు. ఆట అదే, అందులో కొండలూ గుర్రాలూ అవే, నా సేవ్ ఫైలూ అదే. అయినా ఆ రాత్రి ఆట తెరిస్తే ఏదో వెలితి. అందరికంటే ముందు కొన్నందుకు నాకు దక్కిన బిరుదు తెలివితక్కువవాడని. ఆ తర్వాత ఆ సంస్థ ఆట దేన్నీ మొదటి ఏడాదిలో కొనలేదు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చాలా రోజులు ఆలోచించాను. మొదటిదానిపై కోపం రావాలి, ఎందుకంటే అది నా కోసం ఒక్క డాలరైనా దిగలేదు. కోపం మాత్రం రెండోదాని మీద వచ్చింది. ఎందుకంటారు?

ధర ఎందుకు నిలబడుతుందని అడిగితే జనం చెప్పే మొదటి సమాధానం, మంచి ఆట ధర నిలబడుతుంది, నాసిరకం ఆట ధర పడిపోతుంది అని. వినడానికి న్యాయంగానే ఉంది. మరి ది విచర్ 3 సంగతేమిటి? 2015లో వచ్చి, ఆ ఏటి మేటి ఆటగా అవార్డులు పట్టుకుపోయిన ఆట అది. సేల్ వచ్చిందంటే 10 డాలర్ల లోపే, ఒక్కోసారి అందులో సగానికే దొరుకుతుంది. మరోపక్క 2017లో స్విచ్‌తోపాటే వచ్చిన 1-2-స్విచ్ ఉంది. కన్సోల్ డబ్బాలో ఊరికే వేసి ఇవ్వాల్సినదానికి 50 డాలర్లేమిటని సమీక్షకులు మొహం మీదే అడిగారు. నింటెండో సొంత ఆన్‌లైన్ స్టోర్‌లో దాని అసలు ధర మాత్రం చెక్కుచెదరలేదు. కాబట్టి ఆట గొప్పదనానికీ ధర నిలకడకీ చుట్టరికం ఉంటే ఉండొచ్చు గానీ, అది దూరపు చుట్టరికమే.

రెండో సమాధానం అత్యాశ. ఇది ఇంకా తేలిపోతుంది. నిజంగా అత్యాశ ఉన్న అమ్మకందారు 60 ఇవ్వగలిగినవాడి దగ్గర 60, 30 ఇచ్చేవాడి దగ్గర 30, 10 మాత్రమే ఉన్నవాడి దగ్గర ఆ పదీ రాబట్టుకుంటాడు. కాలాన్నే జల్లెడలా వాడతాడన్నమాట. ఆత్రగాళ్లు ముందు, ఓపికమంతులు వెనక. డిస్కౌంట్ అనేది దానధర్మం కాదు, ఇంకో రకం వసూలు. ధర దించకుండా బిగదీసుకుని కూర్చున్నవాడు 30 డాలర్లవాణ్నీ, 10 డాలర్లవాణ్నీ చూస్తూ చూస్తూ వదులుకుంటున్నాడు. వచ్చే డబ్బును కాదనుకుంటున్నాడంటే ఏదో లెక్క ఉండాలి.

ఆ లెక్క నాకు దొరికింది ఆటల ప్రపంచంలో కాదు. రొనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త 1972లో గుత్తాధిపత్యం గురించి, మన్నిక గల వస్తువుల గురించి ఓ చిన్న వ్యాసం రాశాడు. తర్వాత 1991లో ఆయనకు నోబెల్ వచ్చింది, వేరే పనికి. ఆ చిన్న వ్యాసంలో ఆయన అడిగే ప్రశ్న సరదాగా ఉంటుంది. దేశంలోని భూమంతా ఒక్కడి చేతిలోనే ఉందనుకోండి. పోటీ లేదు కాబట్టి అతను ఎంత చెబితే అంత, అవునా? కాదంటాడు కోస్. ఎక్కువ ఇవ్వగలిగినవాళ్లు కొనుక్కుని వెళ్లాక మిగిలిన భూమి అతని దగ్గరే పడి ఉంటుంది. దాన్ని ఊరికే ఉంచుకునే బదులు కాస్త తగ్గించి అమ్మితే వచ్చిందంతా లాభమే. అది అయ్యాక ఇంకాస్త. ఈ సంగతి అమ్మేవాడికే కాదు, కొనేవాడికీ తెలుసు. తెలిసినవాడు మొదటి ధరకు ఎందుకు కొంటాడు? చేతులు కట్టుకుని కూర్చుంటాడు. అందరూ అలా కూర్చుంటే, పోటీ అన్నదే లేకపోయినా, పోటీ ఉంటే ఎంతకు దిగేదో అంతకే ధర దిగిపోతుంది. గుత్తాధిపతికి ఎదురు దుకాణం పెట్టింది ఎవరయ్యా అంటే, రేపటి తనే.

భూమికి ఈ లెక్క ఎంత సరిపోతుందో గానీ, వీడియో గేమ్‌కు కుట్టించినట్టు సరిపోతుంది. ఆట అరిగిపోదు. దాన్ని చేయగలిగేది ఒక్కరే. చేయడానికి కోట్లు ఖర్చవుతాయి గానీ, ఒకసారి చేశాక ఇంకో డౌన్‌లోడ్ ఇవ్వడానికి అయ్యేది దాదాపు సున్నా. సున్నా దాకా ఎంత తగ్గించినా ఇంకా లాభమే కనిపిస్తుంది. అంటే ఆట ధర పడిపోవడం వింతేమీ కాదు, వదిలేస్తే నీరు పల్లానికి వెళ్లినట్టు వెళ్లిపోతుంది. ఎందుకు పడిపోయిందని అడగడం దండగ. ఎవరు ఆనకట్ట కట్టారు, ఎలా కట్టారు, అది అడగాలి.

కోస్ కొన్ని దారులు చూపించాడు. ఒకటి, అమ్మకుండా అద్దెకివ్వడం. 2017లో మొదలైన ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ లాంటి చందాలు ఆ దారే. ఇంకోటి, రేపు ధర తగ్గించనని కొనేవాడు నమ్మేలా కట్టుబడటం. మాట ఇవ్వడం ఎవడైనా ఇస్తాడు. నమ్మించడమే కష్టం. నోటిమాటకు విలువ లేదు, ఏళ్ల తరబడి తగ్గించే అవకాశం ఉండి కూడా తగ్గించకపోతేనే నమ్మకం పుడుతుంది. ఆడి తప్పనివాడన్న పేరు ఒక్కరోజులో రాదు, పోవడానికి మాత్రం ఒక్క సేల్ చాలు.

నా వాదన ఇదే. నిలబడిన ధర అన్నది ఆటకు కట్టిన విలువ కాదు. మొదటిరోజు కొన్నవాడికి నోరు తెరిచి చెప్పకుండా ఇచ్చిన ఓ మాట. రేపు నిన్ను వెర్రివాణ్ని చేయం అని.

ఈ మాటను అందరికంటే మొండిగా నిలబెట్టుకునేది నింటెండో. ఆ మొండితనం వెనక పాత గాయం ఉంది, కాకపోతే అది వాళ్లకు తగిలిన గాయం కాదు. 1983లో అమెరికాలో వీడియో గేమ్‌ల వ్యాపారం కుప్పకూలింది. ఎవరు పడితే వాళ్లు అప్పటి కన్సోల్ కంపెనీ అటారీ యంత్రానికి కార్ట్రిడ్జ్‌లు, అంటే ఆట ఉండే చిన్న డబ్బాలు, చేసి దుకాణాల మీద కుమ్మరించారు. కొన్ని కంపెనీలు దివాలా తీశాయి. వాటి సరుకును వెనక్కి తీసుకునే నాథుడు లేక దుకాణాలవాళ్లు 30, 40 డాలర్ల ఆటలను గంపల్లో పోసి 5 డాలర్లకు తెగనమ్మారు. ఇక్కడ చూడాల్సింది చెత్త ఆటలు చౌకైపోవడం కాదు. పక్కన గంపలో 5 డాలర్లకు ఆట ఉంటే, అరలో ఉన్న 35 డాలర్ల మంచి ఆటను కూడా ఎవరూ ముట్టలేదు. చౌక అంటురోగంలా పాకింది. 1982 చివర్లో వచ్చిన ఈటీ ఆట కార్ట్రిడ్జ్‌లను ఇతర సరుకుతో కలిపి 1983లో న్యూ మెక్సికోలోని అలమోగోర్డో చెత్తకుప్పలో అటారీ పూడ్చిపెట్టింది. చాలామంది అది కట్టుకథ అనుకున్నారు. 2014లో తవ్వితే నిజంగానే బయటపడ్డాయి.

రెండేళ్ల తర్వాత, 1985లో, ఆ శిథిలాల మీదే నింటెండో తన ఎన్‌ఈఎస్ కన్సోల్‌తో అమెరికాలో అడుగుపెట్టింది. తాళం చిప్ ఒకటి పెట్టి, తన అనుమతి లేని కార్ట్రిడ్జ్ ఆడకుండా చేసింది. బయటి సంస్థ ఏదైనా ఏడాదికి 5 ఆటలే ఇవ్వాలని హద్దు గీసింది. నాణ్యత కోసం అన్నారు. నాణ్యత పెరిగిందో లేదో ఎవరికి వాళ్లు చెప్పుకోవాలి, గంపలు మాత్రం మళ్లీ నిండలేదు.

ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. 2011 మార్చిలో నింటెండో 3డీఎస్ అనే చేతి కన్సోల్‌ను అమెరికాలో 250 డాలర్లకు తెచ్చింది. అమ్ముడుపోలేదు. ఆరు నెలలు కూడా గడవకముందే, ఆగస్టులో, 170కి దించక తప్పలేదు. ఒక్కసారిగా 80 డాలర్ల కోత. ముందు కొన్నవాళ్ల సంగతేమిటి? నింటెండో వాళ్లకు 20 పాత ఆటలు ఊరికే ఇచ్చింది, 10 ఎన్‌ఈఎస్‌వి, 10 గేమ్‌బాయ్ అడ్వాన్స్‌వి. అప్పటి అధ్యక్షుడు సతోరు ఇవాటా తన జీతం సగం కోసుకున్నాడు. ఇది వ్యాపారం తెలిసినవాళ్లు చేసిన పనే, కాదనను. అయినా ధర తగ్గించినందుకు కొత్తగా కొనేవాళ్ల దగ్గర చప్పట్లు కొట్టించుకోవాల్సింది పోయి, పాత కొనుగోలుదారుల దగ్గర తల వంచిన సంస్థను నేను ఇంకోదాన్ని చూడలేదు. ధర దించడం అంటే ఎవరికో ఇచ్చిన మాట తప్పడమని వాళ్లకు తెలుసు.

అదే ఏడాది గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఇవాటా మాట్లాడుతూ, ఫోన్‌లలో ఆటలు కుప్పలు తెప్పలుగా పెరిగిపోతుంటే ఆట అన్నదానికే విలువ లేకుండా పోతుందన్న ఆందోళన బయటపెట్టాడు. యాప్ స్టోర్ వచ్చి అప్పటికి మూడేళ్లు కాలేదు, ఆట అంటే 1 డాలర్ అన్న లెక్క స్థిరపడిపోతోంది. తర్వాత 2016లో నింటెండో కూడా ఐఫోన్‌లోకి దిగింది. సూపర్ మారియో రన్‌ను కాస్త ఊరికే ఆడనిచ్చి, మిగతాదానికి ఒకేసారి 10 డాలర్లు అడిగింది. కోట్లమంది డౌన్‌లోడ్ చేసుకున్నారు. ఆ పది డాలర్లు పెట్టినవాళ్లు తక్కువ. లాభం అనుకున్నంత రాలేదని సంస్థే ఒప్పుకుంది. పక్కన గంప ఉన్నచోట నింటెండోకైనా అంతే.

అయితే ఈ మొండితనం అనాదిగా వస్తున్నదేమీ కాదు. వీ అనే పాత కన్సోల్ రోజుల్లో నింటెండో సెలెక్ట్స్ అని ఓ వరుస ఉండేది. బాగా అమ్ముడైన పాత ఆటలను 20 డాలర్లకు పెట్టేవారు. సోనీకీ గ్రేటెస్ట్ హిట్స్ అని అలాంటిదే ఉండేది. స్విచ్‌కు వచ్చేసరికి నింటెండో ఆ వరుసనే ఎత్తేసింది. సేల్ పెట్టినా మూడో వంతుకు మించి తగ్గించడం అరుదు. ఎలా ఎత్తేయగలిగింది? ఎందుకంటే స్విచ్ 15 కోట్లకు పైగా అమ్ముడైంది, అది కూడా ఎనిమిదేళ్లపాటు ఆగకుండా. ప్రతి నెలా కొత్తగా కన్సోల్ కొన్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. 2022లో స్విచ్ కొన్నవాడికి 2017 నాటి మారియో కార్ట్ పాత ఆట కాదు, వాడు చూసే మొదటి ఆట. కన్సోల్ డబ్బాతోపాటే అదీ బిల్లులో పడుతుంది. వీ యూ మీద 80 లక్షలు దాటి ఆగిపోయిన ఆటే స్విచ్ మీద 6 కోట్ల 80 లక్షలు దాటింది. నాలాగా మూడేళ్లు గోడ మీద పిల్లిలా కూర్చున్నవాళ్లు వాళ్ల లెక్కలోనే లేరు!

ఆట స్వభావం కూడా కొంత ఉంది. కథ చెప్పే ఆట ఒకసారి అయిపోతే అయిపోయినట్టే. చివర్లో ఎవరు చచ్చిపోతారో నెలలోపే అందరికీ తెలిసిపోతుంది. ఏటేటా వచ్చే ఫుట్‌బాల్ ఆటల గతి ఇంకా ఘోరం. జట్లు మారిన కొత్తది రాగానే పాతదాన్ని దాని సొంత తల్లే గొంతు నులుముతుంది. మారియో కార్ట్‌కు స్విచ్ మీద అలాంటి తమ్ముడెవడూ పుట్టలేదు. 2025 దాకా దాన్ని పాతబరిచే కొత్త భాగం రాలేదు. మధ్యలో, 2022 నుంచి 2023 వరకు, 25 డాలర్ల అదనపు ప్యాక్‌లో 48 ట్రాకులు విడతలవారీగా చేర్చి మొత్తాన్ని 96 చేశారు. కొత్త ఆట తేవడం చేతకాక కాదు, తెస్తే ఉన్నది పాతదైపోతుందని.

పాత కార్ట్రిడ్జ్‌ల సంగతికి వద్దాం. "కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" అని మనకో సామెత ఉంది. మామూలు ఆటల విషయంలో అక్షరాలా నిజం. ఏడాది తిరిగాక అమ్మబోతే ఎవడూ పలకడు, ఎందుకంటే కొత్తదే చౌకగా దొరుకుతోంది. కొత్తదాని ధర నిలబడితే సెకండ్‌హ్యాండ్ ధర కూడా దాన్ని పట్టుకుని నిలబడుతుంది. 60 పెట్టి కొన్న కార్ట్రిడ్జ్‌ను రెండేళ్లు ఆడి 40కి అమ్మగలిగితే, ఖర్చైంది 20. సేల్‌లో 25కు కొని ఎవరికీ అమ్ముకోలేని ఆట కంటే అది చౌక. దుకాణాల వైపు నుంచీ ఇదే కథ. తయారీదారు ధర తగ్గిస్తే, అరల్లో ఉన్న పాత సరుకుకు దుకాణాలవాళ్లకు ఆ తేడా చెల్లించే ఆనవాయితీ ఈ వ్యాపారంలో ఉంది. ధర దించడం అంటే రేపటి అమ్మకం మీద తగ్గడమే కాదు, నిన్న పంపిన సరుకు మీద కూడా చేతి నుంచి పెట్టుకోవడం.

కాకపోతే ఈ లెక్కంతా చేతిలో పట్టుకోగలిగే కార్ట్రిడ్జ్ ఉన్నంతవరకే. అదే 60 డాలర్లు పెట్టి డౌన్‌లోడ్ కొంటే అది ఎవరికీ అమ్మలేం, ఇవ్వలేం. ధర నిలబడిందన్న సంతోషం నాకు మిగలదు, దాని ఫలం మొత్తం అమ్మినవాడిదే. ఇక్కడ నా వాదన కాలు కాస్త కుంటుతుందని ఒప్పుకుంటున్నాను.

నింటెండోకు సొంత కన్సోల్ ఉంది, మారియో ఉన్నాడు, అలాంటివాళ్లకు చెల్లుతుంది, మిగతావాళ్లకు కుదురుతుందా అంటారేమో. అందుకే నాకు ఫ్యాక్టోరియో అంటే గౌరవం. ప్రాగ్‌లో ఉండే వూబే సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ చేసింది. ఓ తెలియని గ్రహం మీద పడిపోయిన మనిషి, ఇనుము తవ్వి, బెల్టులు పరిచి, యంత్రాలతో యంత్రాలు చేయించే ఆట. రాత్రి పదింటికి ఒక బెల్టు సరిచేద్దామని కూర్చుంటే, తల ఎత్తేసరికి కిటికీలో తెల్లారుతుంది. ఇది 2016లో కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లోకి వచ్చినప్పుడు, ఇంకా పూర్తికాని దశలో, 20 డాలర్లు. తర్వాత 30 అయింది. 2020లో పూర్తి రూపం వచ్చింది. 2023 జనవరిలో ద్రవ్యోల్బణం పేరు చెప్పి 35 చేశారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా సేల్ లేదు. స్టీమ్ ఏడాదికి ఇన్ని సేల్స్ పెడుతుంది, పండగ చేస్తుంది, ఈ ఆట మాత్రం గుడ్డిగవ్వ తగ్గించదు. సేల్ ఆలోచనే లేదని ఆట పేజీలోనే రాసి పెట్టారు. నచ్చుతుందో లేదో చూసుకోవడానికి ఉచిత డెమో ఇచ్చారు.

వీళ్లకు కన్సోల్ లేదు, మారియో లేడు. ఉన్నదల్లా ఆ ఒక్క వాక్యం, దాన్ని నిలబెట్టుకున్న ఏళ్లు. నేను ఫ్యాక్టోరియోను విష్‌లిస్ట్‌లో పెట్టిన రోజునే ఆ వాక్యం చదివాను. ఆగి లాభం లేదని తెలిసిపోయింది. ఆగితే పెరిగేలా ఉంది కూడా. డెమో ఆడి మర్నాడు కొనేశాను. మారియో కార్ట్ కోసం మూడేళ్లు పడ్డ తర్జనభర్జన ఇక్కడ ఒక్కరోజులో తేలిపోయింది. కోస్ చెప్పిన చేతులు కట్టుకుని కూర్చునే కొనుగోలుదారును వాళ్లు కుర్చీలోంచి లేపారు. మైన్‌క్రాఫ్ట్ అయితే మొదట్నుంచీ ఈ తిరగేసిన దారే పట్టింది. 2009లో అరకొరగా ఉన్నప్పుడు 10 యూరోల లోపు, 2011లో పూర్తయ్యేసరికి 20కి దగ్గర. ముందు నమ్మినవాడికి తక్కువ, వెనక వచ్చినవాడికి ఎక్కువ. తలకిందులుగా ఉన్నది ఇదా, మిగతా ప్రపంచమా?

ఇప్పుడు నా మీదకు నేనే రాళ్లు వేసుకోవాలి. నిలబడిన ప్రతి ధరా ఇచ్చిన మాట కాదు. డాంకీ కాంగ్ కంట్రీ: ట్రాపికల్ ఫ్రీజ్ 2014లో వీ యూ మీద 50 డాలర్లకు వచ్చింది. 2018లో అదే ఆట స్విచ్ మీదకు వచ్చేసరికి 60 అయింది. నాలుగేళ్లు వయసు పెరిగి, 10 డాలర్లు ఖరీదు పెరిగింది. దీన్ని మాట నిలబెట్టుకోవడం అంటే నాకే నవ్వొస్తుంది. సూపర్ మారియో 3డీ ఆల్-స్టార్స్ ఇంకా అన్యాయం. మూడు పాత ఆటలను ఒక సంపుటిగా కట్టి 2020 సెప్టెంబరులో విడుదల చేశారు, 2021 మార్చి 31 తర్వాత అమ్మమని ముందే చెప్పారు, చెప్పినట్టే ఎత్తేశారు. డౌన్‌లోడ్ కూడా. సర్వర్‌లో ఉన్న ఫైలుకు కరువు ఎక్కణ్నుంచి వచ్చింది? అది ధర నిలబెట్టడం కాదు, గోదాము తలుపు మూసి రేటు కాయడం.

పీసీ వైపు ఇంకో వేషం ఉంది. 2015 నాటి కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ 3 ఏళ్ల తరబడి స్టీమ్‌లో 60 డాలర్లుగానే కనిపిస్తుంది. సేల్ రాగానే సగానికి పైగా కోత పడుతుంది. ఆ 60 ఎవరైనా కొంటారని పెట్టింది కాదు, కొట్టేసి పక్కన చిన్న అంకె రాయడానికి పెట్టింది. ఇక్కడ ధర నిలబడిలేదు, ధర బోర్డు నిలబడింది.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఇవేవీ కాదు. డబ్బు లేనివాడి సంగతేమిటి? నేను చదువుకునే రోజుల్లో ఆడిన ప్రతి మంచి ఆటా రెండేళ్ల తర్వాత, పదో వంతు ధరకు కొన్నదే. ఆ సేల్స్ లేకపోతే నాకు ఆటలంటే ఇంత ఇష్టం పుట్టేదే కాదు. ధర దించనివాడి తలుపు ముందు ఆ కుర్రాడు ఎప్పటికీ నిలబడే ఉంటాడు. ఎన్ని సిద్ధాంతాలు చెప్పినా ఈ ఒక్కదానికి నా దగ్గర జవాబు లేదు. ఒక్కటి మాత్రం గమనించాను. ఆ కుర్రాడికి మేలు చేసేది లోతైన, ఆలస్యమైన డిస్కౌంట్. రెండేళ్లకు వచ్చేది. నన్ను మండించింది మూడు వారాలకు వచ్చినది. దాని వల్ల కుర్రాడికి ఒరిగిందీ లేదు, ఎందుకంటే సగం ధర కూడా వాడికి అందదు. దెబ్బతిన్నది ఆ ఆటను అందరికంటే ఎక్కువ నమ్మినవాడు.

నా సొంత అల్మరా వైపు ఓసారి చూసుకుంటే ఇంకో సంగతి బయటపడుతుంది. మొన్న స్టీమ్ లైబ్రరీ తెరిచి, ఎప్పుడూ ఆడనివి ఎన్నో చూద్దామని లెక్కపెట్టడం మొదలెట్టి, వంద దాటాక సిగ్గేసి ఆపేశాను. అన్నీ 75 శాతం, 80 శాతం తగ్గింపులో కొన్నవే. కొన్నిటి పేర్లు చదివితే ఎందుకు కొన్నానో కూడా గుర్తు రాలేదు. ఆడిన సమయం 0 నిమిషాలు. నేను ఆట కొనలేదు, తగ్గింపు కొన్నాను. కారుచౌకగా వచ్చిన ఆ వంద ఆటల బిల్లు కలిపితే, పూర్తి ధర పెట్టి కొన్న నాలుగైదు ఆటల బిల్లును దాటిపోతుంది. ఆ నాలుగైదిటి ముందు మాత్రం వందల గంటలు కనిపిస్తున్నాయి. పూర్తి ధర పెట్టాం కాబట్టి కక్ష కట్టి ఆడామేమో అని మీరనొచ్చు. కొంత నిజమేనేమో. ఫ్యాక్టోరియోలో రైలు సిగ్నళ్లు సరిచేస్తూ గడిపిన రాత్రులు కక్షలా అనిపించలేదు మరి.

2025 జూన్‌లో స్విచ్ 2తో మారియో కార్ట్ వరల్డ్ వచ్చింది, 80 డాలర్లకు. ఇంటర్నెట్ మొత్తం గగ్గోలు పెట్టింది. నాకూ ఎక్కువే అనిపించింది. 60 నిలబెట్టుకున్న సంస్థ ఆ నమ్మకాన్నే తాకట్టు పెట్టి 80 అడుగుతోందన్నమాట. అప్పుడే మా అక్క కూతురు ఫోన్ చేసింది. ఇప్పుడది కాలేజీకి వెళ్తోంది, సెలవుల్లో చిన్న ఉద్యోగం చేసి కొంత కూడబెట్టుకుంది.

"మామయ్యా, తగ్గుతుందంటావా?"

ఏడేళ్ల కిందట చెప్పిన అబద్ధం గుర్తొచ్చింది. "తగ్గదే" అన్నాను.

"ఏడాది ఆగినా?"

"మూడేళ్లు ఆగి చూశాంగా."

అటువైపు కాసేపు లెక్కలు వేసుకుంటున్న నిశ్శబ్దం. వెనక నుంచి ఎవరిదో గొంతు వినిపించింది. ఫోన్ తప్ప ఇంకేదీ ముట్టని పెద్దవాడిది. కొంటే రెండో కంట్రోలర్ తనకే ఉంచమంటున్నాడు.